మన టొమేటో పట్టీలు, సూపర్ మార్కెట్ డిస్కౌంట్లు

పోయిన ఉగాదికి ఊరికి పోయినప్పుడు అవ్వ ట్రంకు పెట్టె సర్దుతుంటే ఒక కట్ట పట్టీలు దొరికాయి. పట్టీ అంటే మన కోలారు పక్క ఇళ్ళల్లో తెలియనోళ్ళు లేరు గాని, బెంగళూరులోనే పుట్టి పెరిగిన పిల్లల కోసం చెప్తాను. మండీలో సరుకు అమ్ముడుపోయాక దలాలి రాసిచ్చే చీటీ అది. ఎన్ని బాక్సులు, బాక్సు ఎంతకు పోయింది, కమీషన్ ఎంత, హమాలీ ఎంత, బండి బాడుగ ఎంత, చేతికి ఎంత వచ్చింది అని ఉంటుంది. అన్నీ కన్నడలోనే. తాత జీవితమంతా తెలుగు మాట్లాడి, కన్నడలో సంతకం పెట్టినాడు. నేనూ కన్నడ మీడియమే కాబట్టి చదవడం కష్టం కాలేదు. ఈ తెలుగు రాయడమే కష్టం, తప్పులుంటే సర్దుకోండి.

ఒక పట్టీ లెక్క చూడండి. 40 బాక్సులు, బాక్సు 30 రూపాయలు, మొత్తం 1200. కమీషన్ నూటికి పది లెక్కన 120. హమాలీ 80. బండి బాడుగ 400. చేతికి 600. కోలారు బాక్సు అంటే 15 కిలోలు కాబట్టి 600 కిలోల టొమేటోకు 600 రూపాయలు. కిలోకు సరిగ్గా ఒక రూపాయి. అందులో కోత కూలీ ఇంకా తియ్యలేదు. తేదీ దగ్గర నీళ్ళు పడి అంకె చెరిగిపోయింది. అవ్వకు మాత్రం ఆ ఏడాది గుర్తే. "ఆ పైకంతో మీ తాత బస్సు ఎక్కకుండా నడిచి వచ్చినాడు" అనింది.

ఆ పట్టీ చూస్తుంటే నాకు ఆఫీసు పని ఒకటి గుర్తొచ్చింది. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. కొన్నేళ్ళ కింద ఒక కిరాణా యాప్‌లో డిస్కౌంట్ లెక్కలు సరిగ్గా వస్తున్నాయా లేదా అని చూసే పని చేశాను. ప్రతి డిస్కౌంట్‌కూ "ఎవరు భరిస్తారు" అని ఒక గడి ఉండేది. సోపుకైతే సోపు కంపెనీ. బిస్కెట్లకైతే కంపెనీ సగం, అంగడి సగం. టొమేటోకు ఎప్పుడూ అంగడే. అంటే రైతు మీద పడడం లేదు కదా అని అప్పుడు సంతోషపడ్డాను. పట్టీ చూశాక వేరే సంగతి అర్థమైంది. సోపు కంపెనీకి ఆ లెక్కలో ఒక గడి ఉంది, డిస్కౌంట్ ఇవ్వను అనే హక్కు కూడా ఉంది. రైతుకు గడే లేదు. ఆయన ధర తెల్లారకముందే మండీలో తెగిపోయింది.

మండీ చెడ్డదని నేను అనడం లేదు. వ్యాపారి చాటుగా ధర చెప్పి, తూకంలో కొట్టేసే కాలంలో, అందరి ముందర వేలం, సరైన తూకం ఉండాలనే కర్ణాటకలో 1966లో మార్కెట్ చట్టం తెచ్చారు. కోలారులో పెద్ద నది లేదు. చెరువులు, బావులు, తర్వాత బోర్లు. ఆ నీళ్ళతోనే పట్టు, పాలు, టొమేటో. ఇక్కడి టొమేటో ఢిల్లీ, కలకత్తా దాకా లారీలో పోతుంది. అంత సరుకు ఒక్క చోట చేరాలంటే మండీ కావాల్సిందే. కాని వేలంలో ధర పైకి పోతుందా కిందికి పోతుందా అనేది ఆ రోజు ఎన్ని లారీలు వచ్చాయి అనే దాని మీద ఉంటుంది. రైతుకు ఎంత ఖర్చయింది అనేది వేలంలో ఎవరూ అడగరు.

దీనికి ఒక మందు మన బెంగళూరులోనే కనిపెట్టారు. లాల్‌బాగ్ దగ్గర హాప్‌కామ్స్ అంగట్లో పండ్లు కొనని మన ఇల్లు ఉండదు. అది మొదలైంది ద్రాక్షతో. బెంగళూరు చుట్టూ నల్ల ద్రాక్ష, మనం బెంగళూరు బ్లూ అనేది, అందరి తోటల్లో ఒకేసారి కోతకు వచ్చేది. నాలుగు రోజులు నిలవ ఉండే సరుకు కాదు గదా, వ్యాపారి చెప్పిందే ధర. 1959లో తోటగారిక శాఖకు చెందిన డాక్టర్ ఎం. హెచ్. మరిగౌడ గారి ఊతంతో ద్రాక్ష రైతులు ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. తర్వాత అందులో అన్ని పండ్లూ, తరకారీ చేరి హాప్‌కామ్స్ అయింది. నాకు నచ్చింది దాని పద్ధతి. రైతుకు ఇచ్చే ధర, గిరాకీకి అమ్మే ధర, రెండూ ఒకే చోట, ఒకే పొద్దున తేల్చి బోర్డు మీద రాస్తారు. మధ్యలో ఎంత మిగులుతుందో ఎవరైనా తీసివేత చేసుకోవచ్చు. ఉమ్మడి ఆంధ్రలో 1999లో రైతు బజార్లు వచ్చాయి, తమిళనాడులో అదే ఏడాది ఉళవర్ సందై వచ్చింది. మన సంఘం వాటికి నలభై ఏళ్ళ ముందుది. ఇది మనవాళ్ళు గొప్పగా చెప్పుకోరు, ఎందుకో.

దాని ఇబ్బందీ చెప్పాలి. పచ్చ బూత్‌లో ఎంత అమ్ముడవుతుందో అంతే కొనగలరు. కోలారు టొమేటో అంతా అక్కడ పట్టదు. పైగా ఏసీ అంగళ్ళు వచ్చాక బూత్‌లు ఒక్కొక్కటే మూతబడ్డాయి.

ఆ ఏసీ అంగళ్ళ కథ మనం చూస్తుండగానే జరిగింది. 1996లో చెన్నైలో ఫుడ్‌వరల్డ్, 2003లో బెంగళూరులో మెట్రో, 2006లో హైదరాబాద్‌లో రిలయన్స్ ఫ్రెష్. తర్వాత పల్లెల దగ్గరే కలెక్షన్ సెంటర్లు పెట్టారు. మా చిన్నాయన ఒక దానికి రెండేళ్ళు సరుకు ఇచ్చినాడు. ఆయన మాటల్లో మంచి ముందు: కమీషన్ లేదు, కరెంటు తూకం, పైకం బ్యాంకులో పడుతుంది. చెడు తర్వాత: "ఇరవై బాక్సులు తీసుకుపోతే పన్నెండు ఏరుకుంటారు, ఎనిమిది మనకే. ఆ ఎనిమిదీ మండీకి వేసుకొని పోవాలి, అప్పటికి వేలం అయిపోయుంటుంది." ఇక ధర అంటారా, ఆ రోజు మండీ ధర చూసి దాని మీద కొంచెం. కాబట్టి మండీ పడితే అదీ పడుతుంది.

2023 అందరికీ గుర్తుండే ఉంటుంది. జూలైలో కోలారు బాక్సు రెండు వేలు దాటింది. అప్పుడు కేంద్ర ప్రభుత్వం కోలారు, మదనపల్లి లాంటి మండీల్లో కొనిపించి, ఢిల్లీలో 90, తర్వాత 80, 70, ఆగస్టులో 50, 40 అని తగ్గించి అమ్మించింది. ఆ నష్టం ఎవరిదో కాగితం మీద ఉంది, ప్రభుత్వానిది. సెప్టెంబర్‌కల్లా ధర జారిపోయింది. పడిపోయినప్పుడు ఆదుకునే పథకం కూడా ఉంది, నష్టం కేంద్రం సగం, రాష్ట్రం సగం భరించాలి. కాని టొమేటో మూడు రోజులు ఆగదు, ఫైలు ఆగుతుంది. రిజర్వ్ బ్యాంక్ వాళ్ళ 2024 అధ్యయనం ఒకటి, మనం టొమేటోకు ఇచ్చే రూపాయిలో రైతుకు చేరేది 33 పైసలని లెక్క కట్టింది. తాత పట్టీకి ఇది ఎదురు లెక్క కాదు, దాని తర్వాతి పేజీ.

అందుకే డిస్కౌంట్ టొమేటో కొనొద్దని నేను అనను, నేనూ కొంటాను. మా అపార్ట్‌మెంట్‌లో పనికి వచ్చే అమ్మకు ఆ తగ్గిన పది రూపాయలు చిన్నవి కావు. సోపుకు ఉన్న గడి టొమేటోకు ఎందుకు లేదు అనేదే నా ప్రశ్న. బోర్డు మీద అమ్మే ధర పక్కన కొన్న ధర కూడా రాయడం అసాధ్యమని ఎవరన్నా అంటే, 1959 నాటి ద్రాక్ష రైతుల సంగతి చెప్పండి.

మీ ఇళ్ళల్లో పాత పట్టీలుంటే పారెయ్యకుండా ఫోటో తీసి పంపండి. టొమేటోనే కానక్కర్లేదు, పట్టుగూళ్ళు, మామిడి, వేరుశెనగ, ఏదైనా సరే. తారీకు, బాక్సుల లెక్క కనిపిస్తే చాలు. మా తాత పట్టీ ఏ ఏడాదిదో అలాగైనా తేలుతుందేమో.