రంగం నుంచి కాలినడకన: యుద్ధకాలంలో మన తెలుగువారు

ఈ దేశంలో బడికి వెళ్ళే మన పిల్లలను రెండవ ప్రపంచ యుద్ధం గురించి అడిగితే పెరల్ హార్బర్, నార్మండీ, హిరోషిమా అని మూడు పేర్లు చెబుతారు. ఇంకొంచెం చదువుకున్నవారు బర్మా పేరు చెప్పి, జనరల్ స్టిల్‌వెల్ అడవి దారిన నడిచి బయటపడిన కథ చెబుతారు. అదే సంవత్సరం, అవే కొండలగుండా లక్షలాది భారతీయులు నడిచారనీ, వారిలో వేలాదిమంది తెలుగువారనీ పాఠ్యపుస్తకాలలో సామాన్యంగా కనపడదు. ఆ సంగతిని ఈ సంచిక ద్వారా మన కుటుంబాలకు విన్నవించాలని మా ప్రయత్నం.

మా కుటుంబం తెలుగునేల విడిచి మూడు తరాలైంది. మా తాతగారు కాకినాడ రేవులో ఓడెక్కారు. మా నాన్నగారు రంగూన్‌లో పుట్టారు. మేము పసితనంలోనే అమెరికా వచ్చి, ఇక్కడి బడులలో చరిత్ర పాఠాలు చెబుతూ జీవితం గడిపాము. తెలుగు చదవడం, రాయడం సాయంకాలపు తరగతులలో నేర్చుకున్నాము. కనుక పాఠకులు ఇందులో పాండిత్యం వెదకక, విషయం మాత్రం గ్రహించవలసిందిగా మనవి.

రంగం వెళ్ళినవారు

ఉత్తర కోస్తా పల్లెలలో రంగూన్‌ను ‘రంగం’ అనేవారు. ‘వాడు రంగం వెళ్ళాడు’ అంటే ఊళ్ళో పని దొరకక, అప్పు తీరక, సముద్రం దాటాడని అర్థం. గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి మేస్త్రీలు బయానా ఇచ్చి కూలీలను తీసుకుపోయేవారు. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవులలో స్టీమరెక్కి, కొన్ని రోజులకు రంగూన్‌లో దిగేవారు. అక్కడ బియ్యం మిల్లులలో, రేవులో, కలప అడితీలలో పని. కొందరు రిక్షాలు లాగేవారు. నగరం వీధులు ఊడ్చి, మలం ఎత్తి శుభ్రం చేసినవారిలో కూడా అధికభాగం మనవారే.

1931 జనాభా లెక్కల ప్రకారం బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు. అందులో తెలుగువారు సుమారు లక్షా అరవై వేలు. రంగూన్ నగరంలో సగానికి మించి భారతీయులే ఉండేవారు. కాకినాడ దగ్గర కోరంగి అని ఒకప్పుడు గొప్ప రేవు ఉండేది. ఆ ఊరి పేరుమీదుగా బర్మాలో తెలుగు కూలీలందరినీ ‘కోరంగీలు’ అన్నారు. క్రమంగా అది ఈసడింపు మాటయింది. ఒక ఊరి పేరు వేరొక దేశంలో తిట్టుగా మారడం మన చరిత్రలో గుర్తుంచుకోదగిన విషయం.

ఆర్థికమాంద్యం వచ్చిన తరువాత పనులు తగ్గాయి. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. సమ్మెకాలంలో వారి స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె ముగిసి పాతవారు పనిలోకి తిరిగి రాగానే కొట్లాటలు చెలరేగి అనేకులు ప్రాణాలు కోల్పోయారు. 1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశం నుంచి విడిపోయింది. 1938లో మళ్ళీ అల్లర్లు జరిగాయి. యుద్ధం వచ్చేనాటికే రంగంలోని తెలుగువాని కాలికింద నేల కదులుతూ ఉన్నది.

బాంబులు పడిన రోజు

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. బాంబు అంటే ఏమిటో తెలియని జనం వీధులలో నిలబడి, ఆకాశంలో విమానాల యుద్ధాన్ని వేడుకలా చూశారు. ఆ ఒక్కరోజున మరణించినవారు సుమారు రెండు వేలమంది అని అంచనా. రేవు దగ్గర పనిచేసే కూలీలు వారిలో చాలామంది ఉన్నారు. క్రిస్మస్ నాడు మళ్ళీ దాడి జరిగింది.

జనం మూటలు నెత్తిన పెట్టుకుని ప్రోం రోడ్డు పట్టారు. అయితే కూలీలు లేకపోతే ఓడలలో సరుకు దిగదు. వీధులు శుభ్రపడవు. అందుచేత ప్రభుత్వం వారికి నచ్చజెప్పి చాలామందిని వెనక్కు రప్పించింది. ఓడలలో డెక్కు మీద ప్రయాణం చేసే మగవారికి ఆంక్షలు పెట్టారు. డబ్బున్నవారు ఓడలలో, విమానాలలో వెళ్ళగలిగారు. సముద్రమార్గాన సుమారు డెబ్బై వేలమంది బయటపడ్డారు. 1942 మార్చి 8న రంగూన్ జపానువారి వశమయింది. దానితో ఆ రేవునుంచి ఇంటికి చేరే దారి మూసుకుపోయింది.

మూడు దారులు

మిగిలినవారికి నడక తప్ప గతిలేదు. ముఖ్యమైన దారులు మూడు.

మొదటిది ప్రోం దగ్గర ఇరావదీ దాటి, అరకాన్ కొండలలో టాంగప్ కనుమగుండా సముద్రతీరం చేరి, అక్కడనుంచి పడవలలో అక్యాబ్, చిట్టగాంగ్ వెళ్ళే దారి. రంగూన్ పడిపోకముందు చాలామంది ఈ దారినే వెళ్ళారు. కొండమీద నీళ్ళు దొరకవు. దొరికిన నీటిలో కలరా. ఈ దారిలో చనిపోయినవారిని పూడ్చే ఓపిక కూడా పక్కవారికి ఉండేది కాదు.

రెండవది మండలే నుంచి చింద్విన్ నది దాకా వచ్చి, కలేవా, తమూ మీదుగా మణిపురంలోని ఇంఫాల్, అక్కడనుంచి దిమాపూర్ రైలు స్టేషను చేరే దారి. ఏప్రిల్ 3న మండలే మీద బాంబులు పడి ఊరు తగలబడిన తరువాత ఈ దారిన జనం వరదలా కదిలారు. తెల్లవారికి ఒక ఏర్పాటు, నల్లవారికి ఒక ఏర్పాటు జరిగిందని ఆనాడు పెద్ద ఆరోపణ వచ్చింది. భారత జాతీయ కాంగ్రెసు దానిని తీవ్రంగా ఖండించింది. అస్సాం తేయాకు తోటలవారు తమ కూలీలతో దారి పొడుగునా విడిదులు వేసి, గంజి, మందులు ఇచ్చి వేలాది ప్రాణాలు నిలబెట్టారన్నది కూడా చెప్పుకోవలసిన సత్యం.

మూడవది అందరికంటే ఆలస్యంగా బయలుదేరినవారికి మిగిలిన దారి. ఉత్తరాన మిచినా నుంచి హుకాంగ్ లోయ దాటి, పాంగ్సౌ కనుమ ఎక్కి, అస్సాంలో లీడో చేరాలి. మే నెలలో వానలు పట్టుకున్నాయి. ఏరులు పొంగాయి. మోకాటిలోతు బురద, జలగలు, మలేరియా. దాటలేని వేలమంది షిన్‌బ్వియాంగ్ అనే ఊరిలో వానాకాలమంతా చిక్కుపడిపోయారు. విమానాలు జారవిడిచిన బియ్యం మూటలే వారికి ఆధారం.

మొత్తం మీద బర్మా విడిచి వచ్చినవారు నాలుగైదు లక్షలమంది. దారిలో చనిపోయినవారు పదివేలకు తక్కువలేరని కొందరు, యాభైవేలకు పైనే అని కొందరు చరిత్రకారులు లెక్కకట్టారు. ఈ రెండు అంకెల మధ్య ఉన్న నలభైవేలమందినీ ఒకసారి తలచుకోండి. వారు ఉన్నారో లేరో అన్నది కూడా అంచనాకే విడిచిపెట్టబడింది.

మా నాయనమ్మ తమూ దారిన ఇద్దరు పిల్లలతో బయలుదేరి, ఒక్కరితో ఇంఫాల్ చేరింది. ఆ ఒక్కరు మా నాన్నగారు. రెండవది మూడేళ్ళ ఆడపిల్ల. మా తాతగారు రేవులో పనికి ఆగిపోయారు. ఆయన తరువాత ఏ దారిన బయలుదేరారో చెప్పగలిగినవారు ఎవరూ తిరిగిరాలేదు. నాయనమ్మ ఈ సంగతులు కథగా ఎన్నడూ చెప్పలేదు. ఏటా వైశాఖమాసంలో ఒకరోజు కాకినాడలో ఇంటి అరుగుమీద కూర్చుని, దారినపోయేవారికి మజ్జిగ పోసేది. ఎందుకని అడిగితే ఆ పిల్ల పేరు చెప్పి ఊరుకునేది. ఆ పేరు ఏ దస్తావేజులోనూ లేదు.

జనరల్‌గారి నడక

అదే మే నెల మొదటివారంలో అమెరికన్ జనరల్ జోసెఫ్ స్టిల్‌వెల్ నూటపధ్నాలుగు మందితో, మోటార్లు ముందుకు సాగని చోట వాటిని వదిలి నడక మొదలుపెట్టారు. అప్పటికి ఆయన వయస్సు 59. నిమిషానికి 105 అడుగుల చొప్పున తానే ముందు నడిచి అందరినీ నడిపించారు. డాక్టర్ గోర్డన్ సీగ్రేవ్, ఆయన బర్మా నర్సులు ఆ బృందంలో ఉన్నారు. చింద్విన్ దాటి మే 20న ఇంఫాల్ చేరారు. ఒక్కరుకూడా మరణించలేదు. అమెరికా సైనిక చరిత్రలో దీనిని గొప్పగా చెప్పుకుంటారు. అది నిజంగా గొప్పదే.

కాని చరిత్ర ఉపాధ్యాయులుగా మేము ఒకటి అడుగుతాము. ఆ బృందానికి ముందుగా రేడియోలో కబురు పంపే వీలు ఉంది. వైద్యుడున్నాడు. ఆహారం లెక్కప్రకారం పంచారు. ఇవతలినుంచి ఎదురువచ్చి అన్నం పెట్టినవారున్నారు. చంకన బిడ్డతో నడిచిన కూలివాని భార్యకు ఇందులో ఏదీ లేదు. ఆమెకు కొరవడింది ధైర్యం కాదు, ఆదుకునే ఏర్పాటు. యుద్ధంలో సైనికునికి, సామాన్యునికి గల ముఖ్యమైన భేదం ఇక్కడే ఉన్నదని మా అభిప్రాయం.

1942 డిసెంబరులో అమెరికన్ ఇంజనీరు దళాలు లీడో నుంచి రోడ్డు వేయడం మొదలుపెట్టాయి. ఆ సైనికులలో ఎక్కువమంది నల్లజాతి అమెరికన్లు. పాంగ్సౌ కనుమ, హుకాంగ్ లోయలగుండా కాందిశీకులు వచ్చిన దారినే ఆ రోడ్డు సాగింది. దారి పక్కన గుడిసెలలో, ఏటి ఒడ్డున వారికి అస్థిపంజరాలు కనిపించాయి. ఆ రోడ్డు కోసం వెయ్యిమందికి పైగా అమెరికన్లు ప్రాణాలిచ్చారు. 1945 ఫిబ్రవరి మొదటివారంలో లీడో నుంచి బయలుదేరిన మొదటి లారీలు చైనాలోని కున్మింగ్ చేరాయి. ఆ రోడ్డుకు స్టిల్‌వెల్ పేరు పెట్టారు. దాని అడుగున మనవారి ఎముకలున్నాయి. దానిని వేసినవారి మనుమలు ఈ దేశంలో మన పొరుగిళ్ళలో ఉండవచ్చు.

ఇంటివద్ద

ఇంత కష్టపడి కలకత్తా చేరి, బెంగాల్ నాగపూర్ రైల్వే బండిలో వాల్తేరు వచ్చినవారికి అక్కడ ఏమి కనిపించింది? 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. చనిపోయినవారి సంఖ్య తక్కువే గాని, భయం ఊళ్ళను ఖాళీ చేసింది. జనం బళ్ళు కట్టుకుని లోపలి పల్లెలకు తరలిపోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరుకు మారింది. ఏడాది క్రితమే శంకుస్థాపన జరిగిన సింధియా ఓడల కర్మాగారం పని వెనకబడి, మొదటి ఓడ ‘జల ఉష’ 1948 మార్చిలో గాని నీటిలో దిగలేదు. రంగం నుంచి పారివచ్చినవారు, విశాఖ నుంచి పారిపోయేవారు ఒకే స్టేషనులో ఎదురుపడిన రోజులవి.

అంతకుముందు బర్మా ఏటా సుమారు ముప్ఫై లక్షల టన్నుల బియ్యం ఎగుమతి చేసేది. దానిలో దాదాపు సగం భారతదేశానికే. అది ఆగిపోయింది. 1943లో బెంగాలు కరువు సుమారు ముప్ఫై లక్షలమందిని పొట్టనపెట్టుకోవడానికి గల అనేక కారణాలలో అదికూడా ఒకటి. మన జిల్లాలలో రంగం నుంచి నెలనెలా వచ్చే మనియార్డర్లు ఆగిపోయి, వాటిమీదనే బ్రతికే ఇళ్ళలో పొయ్యి వెలగలేదు. తుపాకి చప్పుడు వినని ఊళ్ళకు కూడా యుద్ధం వచ్చింది.

పేర్లు ఉన్నవారు, పేర్లు లేనివారు

మలయాలోని రబ్బరు తోటలలో కూడా తెలుగు కూలీలు ఉండేవారు. జపానువారు సయాం, బర్మాల మధ్య 415 కిలోమీటర్ల రైలుమార్గం వేయడానికి ఆ తోటలనుంచి తమిళులను, వారితోపాటు తెలుగువారిని, మలయాళీలను తరలించారు. 1943 అక్టోబరులో ఆ పని పూర్తయింది. యుద్ధఖైదీలు పన్నెండువేలకు పైగా చనిపోయారు. ఆసియా కూలీలు సుమారు తొంభైవేలమంది చనిపోయారని అంచనా. కాంచనబురి శ్మశానవాటికలో దాదాపు ఏడువేలమంది ఖైదీలకు వరుసగా సమాధులున్నాయి. కూలీల కోసం అటువంటి వరుసలు లేవు.

ఆ యుద్ధంలో భారత సైన్యంలో చేరినవారు ఇరవై అయిదు లక్షలమంది. మన జిల్లాలవారు మద్రాసు సాపర్లలోను, ఇతర దళాలలోను పనిచేశారు. పశ్చిమ గోదావరిలోని మాధవరం సైనికుల ఊరుగానే పేరుపొందింది. రంగూన్ సమీపాన టౌక్యాన్‌లో, సమాధి దొరకని సుమారు ఇరవై ఏడువేలమంది సైనికుల పేర్లు రాతి స్తంభాలమీద చెక్కారు. అది వారికి జరగవలసిన గౌరవమే. కాని ఆ సైనికులకు ఓడలలో సరుకు దించినవాని పేరు, వారి దారి ఊడ్చినవాని పేరు ఏ రాతిమీద ఉంది?

మన కర్తవ్యం

1923లో అమెరికా సుప్రీంకోర్టు భారతీయులకు పౌరసత్వం చెల్లదని తీర్పు చెప్పింది. యుద్ధం ముగిసిన తరువాత, 1946 జూలై 2న ప్రెసిడెంటు ట్రూమన్ సంతకం చేసిన చట్టం ఆ హక్కును ఇచ్చి, ఏడాదికి నూరుమందికి ప్రవేశం కల్పించింది. యుద్ధంలో భారతదేశం చేసిన సేవ దానికి ఒక కారణం. 1965 చట్టంతో తలుపు బాగా తెరుచుకుని మా నాన్నగారివంటివారు రాగలిగారు. బర్మాలో మిగిలినవారికి అదే కాలంలో తలుపు మూసుకుంది. 1964 తరువాత అక్కడినుంచి వచ్చినవారికి ఆశ్రయమిచ్చిన పేట నేటికీ విశాఖలో ‘బర్మా క్యాంప్’ అనే పిలువబడుతున్నది. ఒకే యుద్ధం మన వారికి ఒకచోట తలుపు మూసి, మరొకచోట తీసింది. ఈ రెండింటినీ కలిపి చూస్తేనే మనం ఇక్కడ ఎలా ఉన్నామో తెలుస్తుంది.

బర్మా, మలయాల నుంచి నడిచివచ్చిన తరం దాదాపు వెళ్ళిపోయింది. వారి పిల్లలు కొందరు ఇంకా ఉన్నారు. ఈ ఉత్సవానికి వచ్చిన ప్రతి కుటుంబానికీ మా విన్నపం ఇది. మీ ఇంట్లో పెద్దవారి దగ్గర కూర్చుని, సముద్రం దాటినవారి పేరు, ఊరు, ఎక్కిన రేవు, చేసిన పని, తిరిగివచ్చిన దారి, దారిలో పోయినవారి పేరు, తెలిసినంతవరకు తెలుగులోను ఇంగ్లీషులోను రాయించండి. పిల్లలచేత రాయిస్తే మరీ మంచిది. ఒక ప్రతి ఇంట్లో ఉంచి, ఒక ప్రతి సంఘానికి ఇవ్వండి. మా నోటుపుస్తకంలో మొదటి పేజీన మా తాతగారి పేరు, దాని కింద మూడేళ్ళ పిల్ల పేరు ఇప్పటికే రాశాము. తరువాతి పేజీలు ఖాళీగా ఉన్నాయి.