మేఘానికి పునాది వేసిన సభలు

విజయవాడలో ఒక విద్యార్థి తన ఫోనులో పరీక్షాఫలితం చూచుకొనేటప్పుడు ఆ ఫలితాన్ని వెదకి తీసిన యంత్రం అతని చేతిలో లేదు, అతని కళాశాలలోనూ లేదు. ఎక్కడో ఒక పెద్ద శాలలో బారులు తీరిన వేల యంత్రాలలో ఏదో ఒకటి క్షణకాలం అతని పని చూచి, వెంటనే మరొకరి పనికి మళ్లింది. ఈ ఏర్పాటుకే క్లౌడ్, అనగా మేఘం, అని పేరు. పేరు చూచి ఇది గాలిలో తేలుతున్నదనుకోరాదు. హైదరాబాదు ప్రాంతంలోనే అమెజాన్ సంస్థ 2022 నవంబరులో ఇట్టి శాలల సముదాయమొకటి ప్రారంభించింది. సిమెంటు, రాగితీగ, విద్యుత్తు, శీతల యంత్రాలు: మేఘమంటే ఇదే. చిత్రమేమంటే, దీని నిర్మాణంలోని కీలకాలు పెక్కింటిని కనుగొన్నవారు దాచుకొనలేదు. సభలలో, పోటీదారులు వింటూ ఉండగానే, విప్పి చెప్పారు.

1950 ప్రాంతాలలో కంప్యూటరుతో పని అంటే రంధ్రాలు పొడిచిన కార్డుల కట్టను కిటికీలో ఇచ్చి రావడమే. ఒక్క అక్షరం తప్పినా ఆ సంగతి కొన్ని గంటలకో, మరునాటికో గాని తెలిసేది కాదు. 1959 జూన్‌లో యునెస్కో పారిస్‌లో జరిపిన మహాసభలో క్రిస్టఫర్ స్ట్రేచీ అనే ఆంగ్లేయుడు ఒక పత్రం సమర్పించాడు. యంత్రానికి వేగం ఎక్కువ, మనిషికి తక్కువ. ఒకరు తప్పు వెదకుకొనే వ్యవధిలో యంత్రం మరొకరి పని చేయవచ్చునని దాని సారం. అదే ఏడు జనవరిలో అమెరికాలోని ఎం.ఐ.టి.లో జాన్ మెకార్థీ ఇంకా విస్తృతమైన ఊహను లేఖగా వ్రాసి పెట్టాడు. 1961లో ఆ విద్యాసంస్థ శతవార్షికోత్సవాలలో ఉపన్యసిస్తూ, టెలిఫోను మాదిరిగానే లెక్కింపు శక్తి కూడా ఒకనాటికి ప్రజలందరికీ అందే సేవ కావచ్చునన్నాడు. (చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన రాజ్ రెడ్డి గారు తరువాత స్టాన్‌ఫర్డ్‌లో ఈ మెకార్థీ వద్దనే పరిశోధించి 1966లో డాక్టరేటు పొందారు.)

ఊహను యంత్రంలోకి దించినవాడు ఫెర్నాండో కోర్బాటో. 1961 నవంబరులో అతని బృందం ఒకే ఐ.బి.ఎం. 709 యంత్రానికి నాలుగు టైపు యంత్రాలు తగిలించి చూపింది. చెరువు కింది రైతులు వంతులవారీగా నీరు పెట్టుకొంటారు గదా! ఇక్కడా అంతే. వంతు ముగియగానే ఒకరి పనిని టేపు మీదికి తొలగించి, మరొకరి పనిని జ్ఞాపకశాలలోకి తెచ్చేవారు. వంతులు చకచకా మారడం వలన ప్రతివారికీ యంత్రం తనదేననిపించేది. 1962 మే నెలలో ఈ సంగతులన్నీ ఒక సభలో పత్రంగా వెల్లడైనవి.

పలువురు వాడే యంత్రం గనుక ఒక్కొక్కరికి ఒక పాస్‌వర్డు ఏర్పరచారు. ఒకనాడు వింత జరిగింది. లోనికి ప్రవేశించిన ప్రతివారికి మామూలుగా ఆనాటి ప్రకటన అచ్చయ్యేది. దానికి బదులు అందరి పాస్‌వర్డుల జాబితా అచ్చుకాసాగింది! ఇది దొంగ పని కాదు. వ్రాతలను దిద్దే ప్రోగ్రాము, పని సాగినంతసేపు, నకలును ఎప్పుడూ ఒకే పేరుతో దాచేది. ఒక ఖాతాలో ఒక సమయాన ఒక్కరే పనిచేస్తారని దానిని రూపొందించినవారి నమ్మకం. నిర్వాహకులకు మాత్రం సౌకర్యం కొరకు ఆ నియమాన్ని సడలించారు. ఇద్దరు నిర్వాహకులు ఒకేసారి, ఒకరు ప్రకటనను, మరొకరు జాబితాను, దిద్దబోగా నకళ్లు తారుమారైనవి. ఈ కథను బయట పెట్టినవారిలో కోర్బాటో ఒకడు. 1990 సంవత్సరపు ట్యూరింగ్ బహుమానం అందుకొన్న సందర్భంలో చేసిన ఉపన్యాసంలోనే చెప్పాడు. తన విజయాలను ఏకరువు పెట్టదగిన వేదిక మీద అతడు ఎంచుకొన్న విషయం, పెద్ద వ్యవస్థలు విఫలం కాక తప్పదన్నది.

అతని తరువాతి యత్నం మల్టిక్స్. 1965లో లాస్ వేగాస్ సభలో, కట్టకముందే, దాని నమూనాను ఆరు పత్రాలలో ప్రకటించారు. పని ఆలస్యం కాగా 1969లో బెల్ పరిశోధనాలయం తప్పుకొన్నది. ఆ పరిశోధనాలయంలోని కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీలు చిన్న యంత్రంపై యునిక్స్ నిర్మించి, 1973లో ఆపరేటింగ్ సిస్టముల సూత్రాలను చర్చించే సభలో వివరించారు. ఈ సభ 1967లో టెనెసీ రాష్ట్రపు గాట్లిన్‌బర్గ్‌లో మొదలై, 2023 వరకు రెండేళ్లకొకసారి జరుగుతూ వచ్చింది.

2003 అక్టోబరులో ఇదే సభ న్యూయార్కు రాష్ట్రంలోని బోల్టన్ లాండింగ్ అనే సరస్సు ఒడ్డు ఊరిలో కూడింది. నేటి మేఘానికి రెండు స్తంభాలు ఆ ఒక్క సభలో లేచినవనవచ్చును. మొదటిది కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వారి జెన్. ఒకే లోగిలికి గోడలు పెట్టి వాటాలుగా అద్దెకిచ్చినట్లు, ఇది ఒక యంత్రాన్ని పలు యంత్రాలుగా విభజిస్తుంది. ఒక వాటా వారి అల్లరి మరొక వాటాకు సోకదు. రెండవది గూగుల్ వారి దస్త్రాల వ్యవస్థ. చౌక యంత్రాలు వేలకొద్దీ కూర్చినప్పుడు ఏదో ఒకటి చెడిపోవడం వింత కాదు, నిత్యకృత్యమేనన్నది దానికి ఆధారం. కనుక ప్రతి దస్త్రాన్ని 64 మెగాబైట్ల తునకలుగా చేసి, ఒక్కొక్క తునకకు మూడు నకళ్లు వేర్వేరు యంత్రాలలో ఉంచుతుంది.

గూగుల్ పత్రమిచ్చిందే గాని ప్రోగ్రాము ఇవ్వలేదు. 2004లో మరొక సభలో మాప్‌రెడ్యూస్ అనే లెక్కింపు పద్ధతిని వివరించినప్పుడూ అంతే. అయినా డగ్ కటింగ్, మైక్ కాఫరెల్లాలు ఆ పత్రాలు చదివి అట్టి వ్యవస్థను స్వయంగా నిర్మించారు. కటింగ్ కుమారుడి బొమ్మ ఏనుగు పేరిట అది హడూప్ అయి, ఎవరైనా వాడుకొనదగినదైంది. ఇక జెన్ ఆధారంగా అమెజాన్ 2006 ఆగస్టులో గంటకు 10 సెంట్ల చొప్పున వాటాలు అద్దెకివ్వసాగింది. మెకార్థీ మాటకు అప్పటికి 45 ఏళ్లు.

సంస్థలు అన్నీ వెంటనే చెబుతాయని కాదు. వేల యంత్రాలకు పనులు పంచే బోర్గ్ వ్యవస్థను గూగుల్ పదేళ్లకు పైగా వాడుకొన్న తరువాత, 2015లో బోర్డో నగరపు సభలో గాని పూర్తిగా వివరించలేదు. ఆ జాప్యంలో ఎందరు అదే చక్రాన్ని మళ్లీ చెక్కారో! కాని ఆ పత్రంలో తాము చేసిన పొరపాట్లకు ప్రత్యేకంగా చోటిచ్చారు. వాటిలో ఒకటి, ఒక యంత్రంపై నడిచే పనులన్నిటికీ కలిపి ఒకే చిరునామా ఇవ్వడం. వాటాలవారందరికీ ఒకే ఇంటి నంబరు ఉంటే ఉత్తరాలు పంచేవానికి కలిగే చిక్కువంటిదే అక్కడా కలిగింది. 2014 జూన్‌లో అందరికీ బాహాటంగా విడుదలచేసిన కుబర్నెటీస్‌లో ప్రతి వాటాకూ వేరే నంబరు ఇచ్చారు.