సమాధానాలు సరిచూసుకునే వేళ: ఒక్క మాట చుట్టూ నడచిన భౌతికశాస్త్ర పరీక్షల చరిత్ర



పరీక్ష ముగిసి చివరి గంట మ్రోగిన తరువాత బడి ఆవరణలో జరిగే తంతు మీకు తెలియనిది కాదు. ప్రశ్నపత్రాన్ని మడిచి చేత పట్టుకొని పిల్లలు చెట్టు క్రింద గుంపులు కడతారు. "నీకెంత వచ్చింది?" "నువ్వేమి వ్రాశావు?" అన్న మాటలే అంతటా. ఒకరి ముఖం వికసిస్తుంది, మరొకరిది వాడిపోతుంది. ఫలితాలు రావటానికి ముందే పిల్లలు తమకు తాము తీర్పు చెప్పుకొనే ఘడియ అది. ఈ ఘడియకు కూడా ఒక చరిత్ర ఉన్నది. అందులో మన భాషకు సంబంధించిన పాఠమొకటి దాగి ఉన్నది. దానిని మీ ముందుంచటమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

ముందుగా నా కళ్ళ ఎదుట జరిగిన ఒక ముచ్చట. తమిళనాడులోని మా ఊరిలో తొమ్మిదవ తరగతి విజ్ఞానశాస్త్ర పరీక్ష అయిన సాయంత్రం పొరుగిళ్ళ పిల్లలిద్దరు వాదించుకొంటూ నా దగ్గరకు వచ్చారు. ఒకతె తెలుగు మాధ్యమం, మరొకతె తమిళ మాధ్యమం. ఒక వస్తువు వృత్తాకార మార్గంలో ఒకే తీరుగా తిరుగుతున్నపుడు ఏది మారుతుంది, ఏది మారదు అన్నది ప్రశ్న. మన అమ్మాయి "వేగం మారుతుంది" అని వ్రాసింది. ఆమె నేస్తం "వేగం మారదు" అని వ్రాసింది. "సార్, ఎవరిది తప్పు?" అని ఇద్దరూ నన్ను నిలదీశారు. నేను తెలుగు పండితుణ్ణి. విజ్ఞానశాస్త్రం చెప్పే మిత్రుణ్ణి పిలిపించాను. ఆయన రెండు పుస్తకాలూ తెరిచి చూచి నవ్వారు. ఇద్దరిదీ ఒప్పే!

ఎలాగంటారా? మన తెలుగు పుస్తకాలలో దిక్కుతో పనిలేనిది వడి. దిక్కుతో కూడినది వేగం. తమిళంలో దిక్కుతో పనిలేనిదాన్నే వేగం అంటారు. దిక్కుతో కూడినదాన్ని దిశైవేగం అంటారు. వృత్తంలో తిరిగే వస్తువు దిక్కు క్షణక్షణం మారుతూ ఉంటుంది గనుక తెలుగు 'వేగం' మారుతుంది, తమిళ 'వేగం' మారదు. ఒకే మాట, రెండు పుస్తకాలు, రెండు అర్థాలు. కర్ణాటకలోని మిత్రులకు ఈ చిక్కు లేదు. కన్నడంలో దిక్కులేనిది జవ, దిక్కు ఉన్నది వేగ. అయితే మన త్వరణం అక్కడ వేగోత్కర్ష అవుతుంది, తమిళంలో ముడుక్కం అవుతుంది. ఒడియాలోను, మరాఠీలోను త్వరణమే నిలుస్తుంది గాని, మన ద్రవ్యవేగం మాత్రం సంవేగమై పోతుంది. ఇంటిలో ఒక మాట, బడిలో ఒక మాట, ఇంగ్లీషులో మరొక మాట మోయవలసిన పిల్లలు మనవారు.

ఇక చరిత్రలోనికి వద్దాము. మన తరం చదువుకొన్న రోజులలో భౌతికశాస్త్ర పరీక్ష అంటే వ్రాత పరీక్ష. నిర్వచనం వ్రాసి, పటం గీసి, సూత్రం నిరూపించి, లెక్క చేయాలి. బయటకు వచ్చాక "నువ్వు ఎలా వ్రాశావు?" అని అడుగుకొనేవాళ్ళం. సమాధానం తప్పినా సోపానాలకు మార్కులు వచ్చేవి. భాష కొంత తడబడినా దిద్దే పంతులుగారు భావం గ్రహించి ఒక మార్కు వేసేవారు. తరువాత వృత్తివిద్యల ప్రవేశ పరీక్షలు వచ్చాయి. తమిళనాడులో అటువంటి పరీక్ష 1984లో మొదలై, 2006లో శాసనసభ చేసిన చట్టం 2007లో అమలులోకి రావటంతో రద్దయింది. ఈ పరీక్షలతో "ఎలా వ్రాశావు?" అన్న ప్రశ్న పోయి "ఏది పెట్టావు?" అన్న ప్రశ్న వచ్చింది. నాలుగింటిలో ఒక గడిని నల్లగా నింపటమే సమాధానం. యంత్రం భావం గ్రహించదు. కనుక ప్రశ్నలోని ప్రతి మాట బరువూ పెరిగింది.

వైద్యవిద్యకు దేశమంతటికీ ఒకే పరీక్షగా నీట్ మొదట 2013లో జరిగింది. అదే సంవత్సరం సర్వోన్నత న్యాయస్థానం దానిని కొట్టివేసింది. 2016లో అది మళ్ళీ ప్రాణం పోసుకొన్నది. 2017లో తెలుగు, తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీలతో సహా 10 భాషలలో జరిగింది. ఆ ఏడాది పరీక్ష తరువాత పిల్లలు సమాధానాలు సరిచూసుకోబోగా ఒక వింత బయటపడింది. ఇంగ్లీషులో వ్రాసినవారి ప్రశ్నలు వేరు, ప్రాంతీయ భాషలలో వ్రాసినవారి ప్రశ్నలు వేరు! ఒకే పరీక్ష అన్న పేరేగాని పోల్చుకొనటానికి ప్రశ్నలే ఒకటి కావు. ఫలితాల ప్రకటనపై మద్రాసు ఉన్నత న్యాయస్థానం మే నెలలో స్టే ఇచ్చింది. జూన్ నెలలో సర్వోన్నత న్యాయస్థానం దానిని తొలగించింది. 2018 నుండి అన్ని భాషలకూ ఒకే ప్రశ్నపత్రాన్ని అనువదించి ఇస్తున్నారు.

ఆ అనువాదం 2018లోనే మరొక చిక్కు తెచ్చిపెట్టింది. తమిళ పత్రంలో 49 ప్రశ్నలలో అనువాద దోషాలున్నాయని వ్యాజ్యం దాఖలైంది. ప్రశ్నకు 4 మార్కుల చొప్పున 196 మార్కులు కలపాలని మద్రాసు ఉన్నత న్యాయస్థానపు మదురై ధర్మాసనం జూలైలో ఆదేశించింది. సర్వోన్నత న్యాయస్థానం ఆ ఆదేశాన్ని అదే నెలలో నిలిపివేసి, నవంబరులో కొట్టివేసింది. ఒక మాట ఇక్కడ గుర్తుంచుకోవాలి. అనువాదంలో సందేహం వస్తే ఇంగ్లీషు పాఠమే తుదిమాట అని పరీక్ష నిబంధనలలోనే వ్రాసి ఉంటుంది.

అన్నిటికంటె పెద్ద పాఠం 2024 నాటిది. ఆ ఏడాది మే 5న సుమారు 23 లక్షల మంది నీట్ వ్రాశారు. భౌతికశాస్త్రంలో పరమాణువుల గురించి రెండు వాక్యాలిచ్చి ఏది ఒప్పో, ఏది తప్పో తేల్చమన్నారు. ప్రతి మూలకపు పరమాణువులూ స్థిరమైనవనీ, అవి తమ విలక్షణ వర్ణపటాన్ని వెలువరిస్తాయనీ రెండవ వాక్యం సారాంశం. ఎన్.సి.ఇ.ఆర్.టి. పాత ముద్రణ చదివినవారికి అది ఒప్పు. కొత్త ముద్రణలో 'ప్రతి' అన్న భావం తీసివేసి 'చాలా మూలకాల' అన్న భావం పెట్టారు గనుక, అది చదివినవారికి తప్పు. రేడియోధార్మిక మూలకాల పరమాణువులు స్థిరమైనవి కావు గదా! ఇంటికి వచ్చి సమాధానాలు సరిచూసుకొన్న పిల్లల చేతిలో పుస్తకాలే ఒకదానితో ఒకటి ఏకీభవించలేదు.

పరీక్ష సంస్థ మొదట రెండు సమాధానాలకూ మార్కులిచ్చింది. వ్యవహారం సర్వోన్నత న్యాయస్థానానికి చేరింది. ఢిల్లీ ఐ.ఐ.టి. నిపుణులు ముగ్గురిచేత పరిశీలింపజేయమని న్యాయస్థానం జూలై 22న ఆదేశించగా, మరునాటికే నివేదిక వచ్చింది. ఒకటే సమాధానం సరియైనది, అది నాలుగవది అని తేలింది. పాత పుస్తకాన్ని నమ్మి రెండవ సమాధానం పెట్టిన 4 లక్షల 20 వేల పైచిలుకు పిల్లలకు వచ్చిన 4 మార్కులు పోయి, తప్పుకు మరొక మార్కు కోత పడింది. 720కి 720 వచ్చినవారిలో 44 మంది ఈ ప్రశ్న వల్లనే ఆ స్థానానికి చేరినవారు. సవరించిన ఫలితాలలో పూర్తి మార్కులవారు 61 నుండి 17కు తగ్గారు. 'ప్రతి' అన్న ఒక్క మాట ఎంత పని చేసిందో చూశారా?

మన పిల్లల కష్టం దీనికి తోడు మరొకటి ఉన్నది. 2022 నాటి నీట్ సమాచార పుస్తికలోని పట్టిక చూడండి. తెలుగు ప్రశ్నపత్రం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రాలకే పరిమితం. హొసూరులో, బళ్ళారిలో, బరంపురంలో, చంద్రపూరులో ఉన్న తెలుగు పిల్లవాడు తెలుగులో వ్రాయదలిస్తే సరిహద్దు దాటి వెళ్ళాలి. యానాం పిల్లలకు ఊరు దాటితే ఆంధ్రప్రదేశే గాని, పుదుచ్చేరి కేంద్రాలకు ఇచ్చేది తమిళం. మన ఇంటి దగ్గర మన భాషలో ప్రశ్నపత్రం ఇమ్మని అడగటం న్యాయమైన కోరిక. దానికోసం విజ్ఞాపనలు ఇద్దాము. అవి ఫలించేలోగా మన చేతిలో ఉన్న పని మనము చేయాలి.

అది పెద్ద పనేమీ కాదు. తెలుగు పాఠం చెప్పేటపుడే ప్రతి, కొన్ని, చాలా, మాత్రమే, ఎల్లప్పుడు వంటి మాటల బరువు నేర్పుదాము. వ్యాకరణం గంటలో నేర్చిన ఈ వివేకమే భౌతికశాస్త్రం గంటలో మార్కులు తెస్తుంది. నోటుపుస్తకం చివరి పుటలలో మూడు నిలువు గడులు గీయించి, ప్రతి పారిభాషిక పదాన్నీ తెలుగులో, రాష్ట్రభాషలో, ఇంగ్లీషులో ప్రక్కప్రక్కన వ్రాయిద్దాము. మూడింటినీ తెలుగు లిపిలో వ్రాసినా మంచిదే. పాఠ్యపుస్తకం ఏ ఏటి ముద్రణయో తల్లిదండ్రులు ఒకసారి తిప్పి చూడండి. అన్నగారి పాత పుస్తకం తమ్ముడికి ఇవ్వటం పొదుపే. అయితే మారిన మాటలేవో ఉపాధ్యాయుణ్ణి అడిగి దిద్దించండి.

చివరిగా ఒక విన్నపం. పరీక్ష నుండి వచ్చిన బిడ్డను "ఎన్ని ఒప్పులు?" అని వెంటనే అడగకండి. కాస్త అన్నం పెట్టి, తరువాత "అది ఎందుకు ఒప్పు?" అని అడగండి. ఆ సాయంత్రం నా వద్దకు వచ్చిన పిల్లలిద్దరూ తమది తప్పు కాదని తెలిసి చేతులు పట్టుకొని ఇంటికి వెళ్ళారు. మన అమ్మాయి మరునాడు వచ్చి, "సార్, తమిళంలో ఇంకా ఏ మాటలు ఇలా వేరుగా ఉన్నాయి?" అని అడిగింది. మూడు గడుల పట్టిక మా తరగతిలో మొదలైనది ఆ రోజుననే.