మచ్చ వెనక కథ

మా అమ్మమ్మకి విడిగా తీయించిన ఫొటో ఒక్కటీ లేదు. మావయ్య పెళ్ళి గ్రూపు ఫొటోలో, మూడో వరసలో, గోరంత మొహం. అంతే. అమ్మ ఎడిసన్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు చూపిద్దామని, ఆ గోరంత మొహాన్ని కృత్రిమ మేధకి అప్పగించి పెద్ద బొమ్మ చేయించాను. అమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసి, "బావుందిరా, ఎవరీవిడ?" అంది.

ఇరవయ్యేళ్ళుగా కంప్యూటర్లతో కాపురం చేస్తున్నవాణ్ణి, పౌరుషం వచ్చింది. చర్మం మీద సన్నటి రంధ్రాలు కావాలన్నాను, ముడతలు కావాలన్నాను, చెదిరిన వెంట్రుకలు కావాలన్నాను. అన్నీ వచ్చాయి. అచ్చం కెమెరాతో తీసినట్టే ఉంది. అమ్మమ్మ మాత్రం రాలేదు. ఎందుకు రాలేదా అని తవ్వుకుంటూ పోతే దాదాపు నూట యాభై ఏళ్ళు వెనక్కి వెళ్ళాను.

1870లలో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ గాల్టన్ నేరస్థుల ఫొటోలని ఒకదానిమీద ఒకటి పడేటట్టు ఒకే ప్లేటు మీదకి ఎక్కించాడు. నేరస్థుడి అసలు మొహం ఎలా ఉంటుందో పట్టుకోవాలని ఆయన తాపత్రయం. తీరా వచ్చిన మొహం విడివిడి మొహాలకన్నా అందంగా ఉంది! ఒకడి వంకర ముక్కూ, ఇంకొకడి గాటూ సగటులో కరిగిపోయాయి.

1987లో అమెరికాలో, బ్రౌన్ యూనివర్సిటీకి చెందిన సిరోవిచ్, కర్బీ ఈ సగటుని లెక్కల్లోకి దింపారు. ఒక సగటు మొహానికి కొన్ని తేడాలు తగుపాళ్ళలో కలిపితే ఎవరి మొహమైనా ఇంచుమించుగా కట్టవచ్చని చూపించారు.

2014లో మాంట్రియల్‌లో ఇయాన్ గుడ్‌ఫెలో బృందం రెండు ప్రోగ్రాములని పోటీకి దింపింది. ఒకటి దొంగనోట్లు వేసేవాడు, రెండోది పోలీసు. ఈ పోలిక వాళ్ళదే. పోలీసు తెలివిమీరేకొద్దీ దొంగ పనితనం కూడా పెరుగుతుంది. మొదట్లో వచ్చినవి మసకమసక చిన్న బొమ్మలే. 2018 చివర్లో ఎన్‌విడియా పరిశోధకులు కరాస్, లైనె, ఐలా స్టైల్‌గాన్ అనే పద్ధతి తెచ్చారు. దానికి నేర్పడానికి ఫ్లికర్ నుంచి 70,000 మొహాలు సేకరించారు. ఇందులో ఒక చిట్కా ఉంది. బొమ్మ తయారయ్యే ప్రతి దశలోనూ కాస్త గందరగోళాన్ని, అంటే లెక్కాపత్రం లేని అంకెలని కలుపుతారు. జుట్టు పాయలు, చర్మపు రంధ్రాలు, చిన్నచిన్న మచ్చలు వచ్చేది దానివల్లే. అది తీసేస్తే మొహం రంగులు పూసిన పటంలా నున్నగా తయారవుతుంది.

2022లో సోఫీ నైటింగేల్, హనీ ఫరీద్ ఇలాంటి మొహాలనీ అసలు మొహాలనీ కలిపి జనానికి చూపించారు. ఏది అసలో ఏది నకిలీయో సరిగ్గా చెప్పింది 48.2 శాతమే. బొమ్మా బొరుసూ వేసినా అంత వస్తుంది. పైగా నకిలీ మొహాలనే కాస్త ఎక్కువగా నమ్మారు. అవి సగటుకి దగ్గరగా ఉండటం ఒక కారణం కావచ్చన్నారు వాళ్ళు. గాల్టన్ ప్లేటు గుర్తొచ్చింది నాకు.

ఇదంతా అమ్మకి చెప్పి, "మచ్చలు కూడా వేస్తుందమ్మా" అన్నాను.

"వేస్తుంది సరే, మా అమ్మకి మచ్చ ఎక్కడుందో దానికేం తెలుసు?" అంది. "ఎడమ కనుబొమ్మ మీద. నన్నెత్తుకుని వస్తూ గడప తట్టుకుని పడిందట. నన్ను వదిలేసుంటే చేతులు ఆనించుకునేది. వదల్లేదు."

ఈ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. నలభై దాటినా నేనెప్పుడూ అడగలేదు.

ఇప్పుడు ఒక్క వాక్యం రాస్తే ఆ మచ్చ కూడా వచ్చేస్తుంది. నేనింకా ఆ వాక్యం రాయలేదు. కంప్యూటర్ మూసేసి, నోటుబుక్కు తెచ్చుకుని అమ్మ పక్కన కూర్చున్నాను. గ్రూపు ఫొటోలో మొదటి వరసనుంచి మొదలుపెట్టాం.