చార్జింగ్ ఎక్కడ ఆపాలి?

1957 అక్టోబరు 4న కక్ష్యకెక్కిన స్పుత్నిక్-1 బరువు 83.6 కిలోలు. అందులో సగానికి పైగా, దాదాపు 51 కిలోలు, వెండి-జింకు బ్యాటరీలే. మూడు వారాలు బీప్ బీప్‌మని, అవి ఖాళీ కాగానే మూగబోయింది. మళ్లీ చార్జి చేసే ఏర్పాటే లేదు కనుక బ్యాటరీని కనిపెట్టుకుని ఉండాల్సిన పనీ లేదు.

ఆ పని 1959లో మొదలైంది. అమెరికా పంపిన ఎక్స్‌ప్లోరర్-6లో సౌర ఫలకాలకు తోడు నికెల్-కాడ్మియం బ్యాటరీలు పెట్టారు. భూమికి దగ్గరగా తిరిగే ఉపగ్రహం గంటన్నరకో చుట్టు చుడుతుంది. అందులో అరగంటకు పైగా భూమి నీడలోనే గడుపుతుంది. అంటే రోజుకు పదిహేను సార్లు, ఏడాదికి దాదాపు 5,500 సార్లు బ్యాటరీ నిండుతూ తరుగుతూ ఉండాలి. రోజుకోసారి చార్జి పెట్టే ఫోను ఇన్నిసార్లు నిండాలంటే పదిహేనేళ్లు పడుతుంది.

నికెల్-కాడ్మియం సెల్‌కు ఓర్పు ఎక్కువ. నిండిన తర్వాత కూడా కరెంటు తోస్తే ఒక ఎలక్ట్రోడు దగ్గర ఆక్సిజన్ పుడుతుంది, రెండోది దాన్ని పీల్చుకుంటుంది. మిగిలేది వేడి. ఆ వేడి పెరిగితే సెల్ ఆయుష్షు తగ్గుతుంది కాబట్టి, బ్యాటరీ వేడెక్కే కొద్దీ తక్కువ వోల్టేజీ దగ్గరే చార్జింగ్ ఆపే పద్ధతి వచ్చింది. తర్వాత వచ్చిన నికెల్-హైడ్రోజన్ సెల్ మరీ ముచ్చటైనది: ఎంత నిండిందో లోపలి హైడ్రోజన్ పీడనమే చెప్పేది. కానీ పీడనాన్ని తట్టుకునే ఆ లోహపు బుడ్డి చిన్న ఉపగ్రహంలో ఇమిడే వస్తువు కాదు.

1991లో సోనీ లిథియం-అయాన్ సెల్‌ను బజారుకు తెచ్చింది. బరువు తక్కువ, శక్తి ఎక్కువ. ఓర్పు మాత్రం సున్నా. మామూలు రకం 4.2 వోల్టులు దాటితే చెడుతుంది, మరీ పిండేస్తే లోపలి రాగి కరుగుతుంది, సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు చార్జి పెడితే లిథియం లోహమై పేరుకుంటుంది. వరుసలో ఒక్క సెల్ ముందు నిండినా మిగతావి నిండేలోగా దానికి ముప్పే. రసాయనం వదిలేసిన కాపలా పని ఎలక్ట్రానిక్స్ మీద పడింది. బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ తప్పనిసరైంది ఈ అవసరంతోనే.

అయితే 2001 అక్టోబరు 22న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ మోసుకెళ్లిన ఐరోపా ఉపగ్రహం ప్రోబా-1 కథ వేరు. 94 కిలోల ఆ బుల్లి ఉపగ్రహానికి బ్రిటన్ కంపెనీ ఏఈఏ టెక్నాలజీ లిథియం బ్యాటరీ కట్టింది. బజారులో దొరికే చిన్న సెల్స్ తెచ్చి, ఒకే తీరుగా నడిచేవాటిని ఏరి జతపరిచి, సెల్స్‌ను సమం చేసే సర్క్యూట్‌ను ఏకంగా మానేశారు. రెండేళ్ల పనికని పంపితే రెండు దశాబ్దాలు నడిచింది. నా మటుకు ఇదే గొప్ప డిజైన్: సర్క్యూట్ చేయాల్సిన పనిని సెల్స్ ఏరడంలోనే ముగించడం.

కాలేజీ కుర్రాళ్లకు అంత ఓపికగా ఏరే వసతి ఉండదు. 1999లో అమెరికాలో రూపొందిన పది సెంటీమీటర్ల క్యూబ్‌శాట్ నమూనాతో ఉపగ్రహం వాళ్ల చేతికొచ్చింది. 2010 జులైలో పీఎస్‌ఎల్‌వీ-సీ15 మీద వెళ్లిన, కిలో కూడా తూగని స్టడ్‌శాట్‌ను కట్టిన ఏడు కాలేజీల్లో కర్ణాటకవాటితో పాటు మన హైదరాబాద్‌వీ ఉన్నాయి. ఇంత చిన్న పెట్టెలో ఫోన్ల కోసం చేసిన చిప్పులే దిక్కు. రేడియేషన్ తగిలి చిప్పు బిగుసుకుపోతే కరెంటు తీసి మళ్లీ ఇచ్చే ఏర్పాటు కావాలి. సెల్స్‌ను సమం చేసే రెసిస్టర్ వేడిని మోసుకుపోవడానికి అక్కడ గాలి ఉండదు. నీడలో సెల్ మరీ చల్లబడకుండా హీటర్ పెడితే అది తినేదీ ఆ బ్యాటరీనే. పైగా వేల సార్లు నిండి తరిగినా బ్యాటరీ మన్నాలి కాబట్టి, ఉన్న శక్తిలో ఇరవై, ముప్పై శాతమే వాడి మిగతాది ముట్టుకోకుండా ఉంచుతారు.

ఇప్పుడు ఇంకో పని చేరింది. ఆయుష్షు తీరిన ఉపగ్రహంలో బ్యాటరీ పేలి శకలాలు చిమ్మకుండా, చివర్లో దాన్ని ఖాళీ చేసి సౌర ఫలకాల నుంచి తెంపేయాలన్నది అంతర్జాతీయ మార్గదర్శకం. ఇది చదివినప్పుడల్లా ఆస్కార్-7 గుర్తొస్తుంది. 1974లో ఎగిరిన ఈ హామ్ రేడియో ఉపగ్రహం బ్యాటరీ షార్టై 1981లో చచ్చిపోయింది. 2002 జూన్‌లో ఉన్నట్టుండి మళ్లీ పలికింది. షార్టయిన సెల్ తెగిపోయి, ఫలకాల కరెంటు నేరుగా రేడియోకు అందిందన్నమాట. ఎండ ఉన్నంతసేపు మాట్లాడుతుంది, నీడ పడగానే ఆగుతుంది. తెంపేసే మీట దానికి ఎవరూ పెట్టలేదు.