రోడ్డెక్కిన సైకిలు

హైదరాబాదు నుంచి వికారాబాదు పోయే రోడ్డు మీద ఆదివారం తెల్లారగట్ల రెండు జాతుల సైకిళ్లు కనపడతాయి. సన్నటి టైర్లు, వంకర హ్యాండిలు, హెల్మెట్టు, బిగుతు బట్టలతో అనంతగిరి గుట్టెక్కడానికి పోయే ఐటీ బాపతు ఒకటి. నేనూ ఆ జాతివాడినే. హ్యాండిలుకి పాల క్యాన్లో, వెనక క్యారియర్ మీద గడ్డిమోపో కట్టుకుని పోయే ఊరి సైకిలు రెండోది. మొదటి జాతి వారానికోసారి సరదాకి తొక్కుతుంది. రెండోది రోజూ బతుకుతెరువుకి తొక్కుతుంది. ఈ ఇద్దరికీ కార్లవాళ్లు అద్దం దించి చెప్పే హితవు మాత్రం ఒకటే: ‘మీకు వేరే ట్రాకు వేశారుగా, రోడ్డు మీదకెందుకొస్తారు?’

వేసిన మాట నిజమే. ఔటర్ రింగు రోడ్డు పక్కన పైన సోలార్ పలకల కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాకుని 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. అందులో ఒక ముక్క నానక్‌రామ్‌గూడ నుంచి పోలీసు అకాడమీ దాకా, రెండోది నార్సింగి నుంచి కొల్లూరు దాకా. పోలీసు అకాడమీ అంటే జనాలు ఇప్పటికీ ‘అప్పా జంక్షన్’ అనే చోటు. తమాషా ఏమిటంటే మొయినాబాద్, చేవెళ్ల మీదుగా వికారాబాదు, తాండూరు పోయే రోడ్డు మొదలయ్యేది సరిగ్గా అక్కడే. అంటే, సైకిలువాడికి నిజంగా ట్రాకు కావలసిన చోటికొచ్చేసరికి ట్రాకు అయిపోతుంది.

సరే, అసలు విషయానికొద్దాం. సైకిళ్లు ట్రాకు మీద పోవాలా, రోడ్డు మీద పోవాలా అనేది నిన్నా మొన్నా పుట్టిన తగువు కాదు. దీనికి తొంభయ్యేళ్ల పైబడ్డ చరిత్రుంది.

అంతకు ముందు మాట ఒకటుంది. రోడ్లు కార్ల కోసం పుట్టాయని మనం అనుకుంటాం గానీ, నున్నటి రోడ్లు కావాలని మొదట గోల చేసింది సైకిళ్లవాళ్లు. అమెరికాలో 1880లో పుట్టిన సైకిలు సంఘం, కార్లు ఇంకా రాకముందే మంచి రోడ్ల కోసం ఉద్యమం నడిపింది. ఇంగ్లండులోనూ 1886లో సైకిలు సంఘాలే రోడ్ల మెరుగుదల కోసం ఓ సంస్థ పెట్టాయి. తర్వాత కార్లొచ్చాయి. ఇల్లు కట్టించినవాడు అద్దెకొచ్చినవాడికి అడ్డమైపోయాడు.

1934 డిసెంబరులో లండన్ వెస్టర్న్ అవెన్యూ పక్కన బ్రిటన్ రవాణా మంత్రి హోర్ బెలీషా రెండున్నర మైళ్ల సైకిలు దారిని ప్రారంభించాడు. సైకిలు సంఘాలు సంతోషించాలి కదా? ససేమిరా అన్నాయి. వాళ్ల భయం ఒకటే. ఇవాళ పక్కన దారి ఇస్తారు, రేపు రోడ్డు మీదకి రావద్దంటారు. బ్రిటన్‌లో ఆ రేపు రాలేదు. జర్మనీలో వచ్చింది. అదే 1934లో నాజీ ప్రభుత్వం తెచ్చిన ట్రాఫిక్ నిబంధనలు, సైకిలు దారి ఉన్నచోట దాని మీదే పోవాలని శాసించాయి. సైకిలువాడి మీద ప్రేమతో కాదు, మోటారు బండ్లకి రోడ్డు ఖాళీ చేయించడానికి. నాజీలు పోయినా ఆ రూలు పోలేదు. 1998 నుంచి మాత్రమే, ప్రత్యేకంగా బోర్డు పెట్టిన దారులకి దాన్ని పరిమితం చేశారు.

ఈ నిర్బంధాన్ని గట్టిగా ఎదిరించినవాడు అమెరికాలో జాన్ ఫారెస్టర్. మన బాపతే, ఇంజనీరు. 1970లలో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో సైకిళ్లని పక్కదారి పట్టిస్తే, ఆయన కావాలనే రోడ్డు మీద తొక్కాడు. ‘ఎఫెక్టివ్ సైక్లింగ్’ అని పుస్తకమూ రాశాడు. ఆయన వాదన సూటిగా ఉంటుంది. సైకిలూ బండే, దాన్ని బండిలాగే నడపాలి. ప్రమాదాలు ఎక్కువగా జరిగేది కూడళ్లలో. పక్కదారిలో పోయే సైకిలు మలుపు తిరిగే కారుకి ఆఖరి క్షణం దాకా కనపడదు.

లెక్క సరైనదే. కాకపోతే అది గంటకి 25, 30 కిలోమీటర్లు తొక్కగలిగే, గుండె నిబ్బరమున్న మనిషి లెక్క. అంటే మా ఆదివారం జాతి లెక్క. బడికి పోయే పన్నెండేళ్ల పిల్లని టిప్పర్ల మధ్య ‘బండిలాగే నడుపు’ అనగలమా?

నెదర్లాండ్స్‌ వాళ్లు ఆ పిల్లతోనే లెక్క మొదలుపెట్టారు. 1971లో అక్కడ రోడ్ల మీద దాదాపు 3,300 మంది చనిపోయారు. వాళ్లలో 400 మందికి పైగా పిల్లలు. మరుసటేడు ‘పిల్లల హత్యలు ఆపండి’ అంటూ తల్లిదండ్రులు వీధుల్లోకొచ్చారు. 1973లో చమురు కరువూ తోడైంది. ఆ తర్వాతి దశాబ్దాల్లో వేసిన దారులు వేరు. వెడల్పుగా, నున్నగా, కూడలిలోనూ తెగకుండా పోతాయి. దారి ఉంటే దాని మీదే పోవాలనే రూలు అక్కడా ఉంది. అయినా దాని మీద పెద్ద రభసేం లేదు. రూలు లేకపోయినా జనం ఎక్కే దారులవి. ఇప్పుడక్కడ ప్రయాణాల్లో నాలుగో వంతుకి పైగా సైకిలు మీదే. ఫారెస్టర్ దేశంలో సైకిలు మీద పనికి పోయేవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు.

మన సంగతేంటి? మనకీ పాత లెక్కలున్నాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1962లోనే సైకిలు ట్రాకులకి ప్రమాణాలు రాసింది. గంటకి మోటారు బండ్లు 200 దాటితే, సైకిళ్లు వంద ఉన్నా సరే, వేరే ట్రాకు వెయ్యొచ్చని అందులో ఉంది. 1989 నాటి రోడ్డు నిబంధనల్లో, సైకిలు ట్రాకు మీద మోటారు బండి నడపకూడదని కూడా ఉంది. కాగితం మీద మనం ఎవరికీ తీసిపోం. నేల మీదకొస్తే, 2008లో ఢిల్లీ బస్సు కారిడారు పక్కన వేసిన ట్రాకుల్లోకి స్కూటర్లు దూరాయి. 2016లో కారిడారునే పీకేశారు. కలకత్తాలో ఇంకా నయం, 2013లో 174 రోడ్ల మీద సైకిళ్లని నిషేధించారు. ట్రాకు వెయ్యలేదు గానీ రోడ్డు మాత్రం మూసేశారు. 1934లో లండన్ సైకిలువాళ్ల భయం ఉత్తి భయం కాదన్నమాట.

ఇదంతా ఇప్పుడెందుకంటే, 2019లో మోటారు వాహనాల చట్టానికి ఓ సవరణ తెచ్చారు. 138వ సెక్షన్లో చేర్చిన ఉపనిబంధన ప్రకారం సైకిళ్లు, పాదచారులు జాతీయ రహదారుల మీదకి ఎలా రావాలో రాష్ట్ర ప్రభుత్వాలు నిర్ణయించొచ్చు. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు, ఆర్నెల్లలో ఆ నిబంధనలు తయారు చెయ్యమని రాష్ట్రాలని ఆదేశించింది. కోర్టు ఉద్దేశం ప్రాణాలు కాపాడటమే. కానీ అదే సెక్షన్‌తో సైకిలుకి చోటు ఇవ్వనూ వచ్చు, ‘ప్రవేశం లేదు’ అని బోర్డు పెట్టనూ వచ్చు. రెండోది చవక.

మన రోడ్డు ఎలాంటిదో తెలియనిది కాదు. 2025 నవంబరు 3న తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సుని చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్ గుద్ది 19 మంది చనిపోయారు. అందులో సైకిలు ప్రసక్తి లేదు. కానీ ఎదురెదురుగా పోయే రెండు పెద్ద బండ్లకే చాలని రోడ్డు అంచున పాల క్యాన్ల సైకిలు ఎక్కడుంటుందో ఊహించుకోండి. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు నాలుగు వరసలు చెయ్యాలన్న పని, దాదాపు 900 మర్రిచెట్ల వివాదంతో ఏళ్లపాటు ఆగింది. మన్నెగూడ దాటి వికారాబాదు, అక్కణ్ణించి తాండూరు పోయే దారిలో నాపరాళ్ల లారీలు, సిమెంటు లారీలు సరేసరి.

నా మటుకు నాకు అర్థమైందిది. ట్రాకా, రోడ్డా అనేది తప్పుడు ప్రశ్న. ఎవరికోసం వేశారు, ఎక్కమని బలవంతం చేశారా అనేవే అసలు ప్రశ్నలు. సైకిలువాడి కోసం వేసిన దారికి రూలు అక్కర్లేదు, వాడే వెతుక్కుంటూ వస్తాడు. కార్ల కోసం వేసిన సైకిలు దారికి రూలు తప్పదు, ఎందుకంటే దాని మీద ఎవడూ పోడు. కాబట్టి తాండూరు దారికి కావలసింది సోలార్ కప్పులు కాదు. రోడ్డుకి రెండు పక్కలా అదే నున్నటి తారుతో, తెల్లగీత అవతల, సైకిలు పట్టే అంచు. ఊళ్ల దగ్గరా బడుల దగ్గరా మాత్రం నిజంగా వేరుచేసిన దారి. ఈ రెండూ వేశాక కూడా, రోడ్డు మీద పోయే హక్కు సైకిలుకి ఉంచాలి. రోడ్డు వెడల్పు చేసేటప్పుడే అడిగితే ఇది గీత జరపడంతో పోతుంది. వేసేశాక అడిగితే ఇంకో నలభయ్యేళ్లు ఆగాలి.

మా ఆదివారం జాతికి రోడ్డు బాలేకపోతే జిమ్ముంది. రెండో జాతికి ఆ రోడ్డు తప్ప ఇంకోటి లేదు. నిబంధనలు రాసేవాళ్లు ఎవర్ని కళ్లముందు పెట్టుకుని రాయాలో వేరే చెప్పాలా?