సెవర్న్ లోయలో పొగబండ్ల తిరునాళ్ళు

మా మేనమామ బిట్రగుంట లోకోషెడ్డులో ఫైర్మనుగా పనిచేసేవారు. వేసవి సెలవులలో వారింటికి వెళితే, ఆయన డ్యూటీ దిగి వచ్చేసరికి కనురెప్పల అంచున కాటుక దిద్దినట్లు బొగ్గుమసి ఉండేది. "అబ్బయా, బొగ్గు పొయ్యడం కాదు, చల్లాల. నిప్పు మూల్లో మూలకి చూసుకొని పలచగా చల్లాల" అనేవారు. అది ఒక విద్య అని ఆ వయసులో నాకు తోచలేదు. చందస్సు విద్య, వ్యాకరణం విద్య. పార పట్టడం విద్య ఎట్లవుతుంది? ముప్పైయేళ్ళు తెలుగు పాఠాలు చెప్పి పదవీవిరమణ చేసిన పిమ్మట, సముద్రాలవతల ఒక చిన్న స్టేషనులో నిలబడినప్పుడు గాని ఆ మాట అర్థం నాకు బోధపడలేదు.

కొన్నేళ్ళ క్రితం బర్మింగ్‌హాం దగ్గరలో ఉంటున్న మా అబ్బాయి ఒక సెప్టెంబరు శనివారంనాడు నన్ను కిడ్డర్‌మినిస్టర్ తీసుకొని వెళ్ళాడు. అక్కడినుంచి బ్రిడ్జ్‌నార్త్ దాకా పదహారు మైళ్ళ దూరం సెవర్న్ నది వెంట సాగే రైలుమార్గం ఉన్నది. దానిపేరు సెవర్న్ వ్యాలీ రైల్వే. ఏటా వసంతంలోను, శరత్తులోను అక్కడ స్టీం గాలా జరుగుతుంది. 'గాలా'కు తెలుగు చెప్పమంటే నేను 'తిరునాళ్ళు' అంటాను. ఉత్సవమంటే చూచి రావచ్చు. తిరునాళ్ళలో మాత్రం జనమూ దేవుడూ కలిసి ఊరేగుతారు. ఇక్కడ దేవుళ్ళు ఇనుముతో చేసినవారు, అంతే భేదం.

ఈ మార్గం కథ కొంత చెప్పాలి. 1862లో హార్టిల్‌బరీ నుంచి ష్రూస్‌బరీ వరకు నలభై మైళ్ళ పొడవున ఇది మొదలైనది. దీనికోసం సెవర్న్ నది మీద జాన్ ఫౌలర్ రూపకల్పనలో విక్టోరియా వంతెన కట్టారు. ఒక్క అంగలో రెండువందల అడుగులు దాటే పోత ఇనుప వంతెన అది. ఆ ఫౌలరే తరువాతి కాలంలో స్కాట్లండులోని ఫోర్త్ వంతెన నిర్మాతలలో ఒకడైనాడు. ఇంత చేసినా ఈ మార్గానికి లాభాలు పెద్దగా రాలేదు. 1963 సెప్టెంబరులో ప్రయాణికుల బండ్లు ఆగిపోయాయి. ఇంగ్లండులో ఏ పాత రైలుమార్గం మూతపడినా డాక్టర్ బీచింగ్ నివేదికను నిందించడం పరిపాటి. ఈ మార్గాన్ని మూయాలన్న ఆలోచన మాత్రం ఆ నివేదికకు ముందే ఉన్నది. పాపం ఎవరిదో వారి ఖాతాలోనే వేయడం న్యాయం. ఆల్వ్‌లీ గని బొగ్గు కోసం దక్షిణపు కొస 1969 దాకా కొనవూపిరితో ఉన్నది.

ఆ కాలపు తొందరపాటు తలచుకొంటే ఆశ్చర్యం వేస్తుంది. బ్రిటిష్ రైల్వేస్ తన చివరి కొత్త ఆవిరియంత్రాన్ని 1960లో చేయించి 'ఈవెనింగ్ స్టార్' అని పేరుపెట్టింది. అయిదేళ్ళకే దానిని పక్కన పెట్టింది. 1968 ఆగస్టు 11న చివరి ఆవిరిబండి నడిచింది. దాంతో ప్రధానమార్గాలలో ఆవిరియుగం ముగిసింది. మన దేశంలో బ్రాడ్‌గేజి మీద ఆవిరిబండి 1995 దాకా నడిచింది కదా! మనం వెనుకబడ్డామని అప్పట్లో సిగ్గుపడ్డాము. ఇప్పుడు ఆ ఆలస్యమే భాగ్యమనిపిస్తుంది.

1965 జులైలో కిడ్డర్‌మినిస్టర్‌లో కొందరు కలిసి ఒక సంఘం పెట్టుకొన్నారు. బ్రిడ్జ్‌నార్త్ నుంచి ఆల్వ్‌లీ వరకు అయిదున్నర మైళ్ళ మార్గానికి ఇరవై అయిదు వేల పౌండ్ల ధర పలికింది. చేతిలో అంత సొమ్ము లేదు. పదోవంతు బయానా ఇచ్చి, మిగిలినదానికి ఊరూరా చందాలు పోగుచేశారు. 1967లో 3205 నంబరు ఇంజను వచ్చింది. 1970 మే 23న అదే ఇంజను బ్రిడ్జ్‌నార్త్ నుంచి హాంప్టన్ లోడ్ దాకా తొలి బండిని లాగింది. 1974కు బ్యూడ్లీ, 1984కు కిడ్డర్‌మినిస్టర్ చేరారు. కిడ్డర్‌మినిస్టర్‌లోని ఎర్రయిటుకల స్టేషను చూచి నూటయాభయ్యేళ్ళ నాటిదనుకొన్నాను. 1984లో పాత పద్ధతిలో కట్టినదట. అబ్బాయి చెప్పి నవ్వాడు, నేనూ నవ్వుకొన్నాను.

ఈ సంఘాలకు ఇంజన్లు ఎక్కడివి? ఇదొక విచిత్రం. దక్షిణ వేల్స్‌లోని బ్యారీ రేవులో డై ఉడ్‌హాం అనే పాత ఇనుము వ్యాపారి ఉండేవాడు. రైల్వేవారు తుక్కుకింద అమ్మిన ఇంజన్లను వందలుగా కొన్నాడు. కాని కోయడానికి వ్యాగన్లు సులువు గనుక ముందు వాటినే కోయించాడు, ఇంజన్లను వరుసగా నిలబెట్టి ఉంచాడు. అవి సముద్రపుగాలికి తుప్పు పడుతూ ఏళ్ళతరబడి నిలిచాయి. ఈలోగా రైలుప్రియులు ఒక్కొక్కదానికి చందాలు పోగుచేసి, 213 ఇంజన్లను విడిపించుకొని పోయారు. 'హాగ్లీ హాల్' అనే ఇంజను అట్లా సెవర్న్ లోయకు వచ్చినదే. అది 1929లో స్విండన్‌లో పుట్టింది.

ఇక తిరునాళ్ళ సంగతి. మామూలు రోజులలో రెండు మూడు ఇంజన్లతో గడిచే మార్గం మీద, ఆ మూడు నాలుగు రోజులు ఇంటి ఇంజన్లతోపాటు చుట్టాలు కూడా నడుస్తాయి. ఇతర రైల్వేలనుంచి వచ్చే ఆ ఇంజన్లలో చాలావరకు లారీల మీద వస్తాయి. రైలు రోడ్డుమీద ఊరేగి రావడం చూడవలసిన దృశ్యమే. మార్గం ఒంటిపట్టా. ఏర్లీ, హాంప్టన్ లోడ్ వంటి స్టేషన్లలో మాత్రమే ఎదురెదురు బండ్లు తప్పుకోగలవు. కనుక టోకెను చేతిలోకి రానిదే డ్రైవరు కదలడు. ఒక బండి పది నిముషాలు ఆలస్యమైతే ఆ ఆలస్యం సాయంత్రం దాకా మార్గమంతా పాకుతుంది. సిగ్నల్ కేబిన్లలో మీటలు లాగేవారిలో పెక్కుమంది జీతం తీసుకోని స్వచ్ఛంద సేవకులే. ఆ పని మొదట నేర్చుకొని, పరీక్షలో నెగ్గి, ఆపైననే మీట ముట్టుకోవాలి.

శరత్కాలపు తిరునాళ్ళలో రాత్రంతా బండ్లు నడుపుతారు. ఏర్లీ ప్లాట్‌ఫారం మీద నూనెదీపాల వెలుగులో కూర్చున్నాను. నదిమీద మంచు పడుతున్నది. ఎక్కడో దూరాన కూత వినిపించింది. పక్క బెంచీమీది ముసలాయన కళ్ళు మూసుకొనే "అదిగో ఫలానాది" అని ఇంజను పేరు చెప్పాడు. మా మేనమామ కూడా అంతే, ఇంట్లో అన్నం తింటూ కూతను బట్టి డ్రైవరు ఎవరో చెప్పేవారు.

అక్కడ ఒక ఇంజను చరిత్ర విని మనసు కలతపడింది. 48773 అనే ఎనిమిది చోదకచక్రాల సరుకుబండి ఇంజను 1940లో గ్లాస్గోలో యుద్ధశాఖ కోసం తయారైంది. యుద్ధకాలంలో ఓడలో ఇరాను వెళ్ళింది, అక్కడినుంచి ఈజిప్టు చేరింది, 1950లలో స్వదేశం తిరిగివచ్చింది, 1968 చివరి రోజులదాకా పనిచేసింది. ఇప్పుడది హైలీలోని ప్రదర్శనశాలతో ముడిపడి ఉన్నది. ఆ యుద్ధానికి పోయి తిరిగిరాని మనుషులెందరో!

ఇదంతా పొగడ్తగా వ్రాస్తే సగం అబద్ధమవుతుంది. ఆవిరియంత్రం బాయిలరుకు ఇంచుమించు పదేళ్ళకొకమారు పూర్తిగా విప్పి మరమ్మతు చేయవలసిందే. లేకుంటే నడిపే అనుమతి ఉండదు. ఇందాకటి హాగ్లీ హాల్ 1986లో ఆగింది. మరల ఆవిరి పట్టడానికి 2020ల దాకా పట్టింది, మూడున్నర దశాబ్దాలకు పైమాటే. 2007 జూన్‌లో ఒక్క రాత్రి కురిసిన వాన అనేకచోట్ల గట్టులను కోసివేసింది. మార్గం మొత్తం మరల తెరవడానికి 2008 మార్చి వచ్చింది. 2025 జనవరిలో బ్రిడ్జ్‌నార్త్ దిగువన మరొక గట్టు కూలింది. అన్నిటినీ మించిన చిక్కు బొగ్గుది. బొగ్గుతో ప్రపంచాన్ని ఏలిన దేశంలో చివరి లోతుగని 2015లో మూతపడింది. వేల్స్‌లో ఈ ఇంజన్లకు ఆధారమైన ఫోసీఫ్రాన్ ఓపెన్‌కాస్టు గని 2023 నవంబరులో నిలిచిపోయింది. ఇప్పుడు బొగ్గు దిగుమతి చేసుకోవాలి. ఆవిరియంత్రం పుట్టినింట నిప్పుకు కరువు! వాతావరణం మాటకొస్తే గనులు మూయడం మంచిదే, దానిని నేను కాదనను. అయినా ఆ ముసలాయన ముఖం గుర్తుకు వస్తే వాదం నోట పలకదు.

నాకు కలిగిన అసలు భయం వేరు. బొగ్గు ఏ దేశంనుంచి అయినా తెచ్చుకోవచ్చు. చెయ్యి ఎక్కడనుంచి తెచ్చుకొంటారు? 1968కి ముందు జీతానికి పార పట్టినవారు ఇప్పుడు డెబ్భైలు దాటినవారే. నిప్పు రంగు చూచి ఆవిరి లెక్క చెప్పగలిగే చూపు పుస్తకంలో వ్రాయలేము. పుస్తకాలనే నమ్ముకొని బ్రతికినవాడిని గనుక ఇది ఒప్పుకోవడం నాకు కష్టంగానే ఉన్నది. మా మేనమామ చెయ్యి మా ఇంట్లో ఎవరికీ రాలేదు. ఆయన పోయినప్పుడు అది కూడా పోయింది, మేము గమనించనైనా లేదు. బిట్రగుంటలో ఆ షెడ్డు వైభవం ఆవిరియుగంతోనే అస్తమించింది.

ఆ రాత్రి చివరి బండి ఏర్లీలో ఆగినప్పుడు ఇంజను దగ్గరకు వెళ్ళాను. పట్టుమని ఇరవై ఏళ్ళు లేని అమ్మాయి పార పట్టుకొని ఉన్నది, ముఖమంతా మసి. వెనక నిలబడ్డ పెద్దాయన నోటితో ఏమీ చెప్పడంలేదు, చేత్తో మూల చూపించాడు. ఆమె ఆ మూలకి బొగ్గు పలచగా చల్లింది.